ఎండను బండికెక్కించిన జోగారావు

గురువారం ఉదయం తొమ్మిది కావస్తుండగా జోగారావు భార్య దమయంతి ఫోను చేసింది. "అన్నియ్యా, మీ బావ నెగట్లేదు" అంది. నాకు అర్థం కాలేదు. "లేవకపోవడమేమిటమ్మా, ఇంకా పడుకునే ఉన్నాడా?" అని అడిగాను. "పడుకోనేదు. కుర్సీలో కూకున్నారు. పిలిత్తే పలకట్లేదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. నేను వెళ్లి పిలిస్తే పలుకుతాడని ఆమె ఆశ.

టెక్కలి నుంచి వజ్రపుకొత్తూరు పక్కనున్న వాళ్ల ఊరికి నేను చేరేసరికి పెరడంతా జనం. కొబ్బరిచెట్ల మధ్య నిలిపిన వాళ్ల పాత వ్యాను, ఇల్లుబండి పక్కనే, నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలో, తల కొంచెం వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నాడు జోగారావు. పిండిన తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. ప్రతి ఉదయంలాగే నిచ్చెన వేసుకుని బండి పైకెక్కి, సోలార్ ప్లేట్ల మీద పేరుకున్న సముద్రపు ఉప్పును తుడిచాడట. దిగి, ఆయాసంగా ఉందని కూర్చున్నాడట. అంతే. అరవై నాలుగేళ్ల ఆ జీవితం అక్కడితో పరిసమాప్తమైంది.

బాల్యమిత్రుడి నిర్యాణం నాకు అశనిపాతం. అది అబద్ధం కాదు. కానీ ఆ కుర్చీ ముందు నిలబడినప్పుడు నాకు మొట్టమొదట కలిగింది దుఃఖం కాదు. మంచాన పడలేదు, ఎవరి చేత నీళ్లు తాగించుకోలేదు, చేయవలసిన పని పూర్తిచేసి, గుడ్డ పిండుకుని, ఎండలో కూర్చుని వెళ్లిపోయాడు. చావు కూడా వీడికింత తేలిగ్గా వచ్చిందేమిటని కుళ్లుకున్నాను. యాభై ఏళ్ల అలవాటు ఒక్క ఉదయంలో పోదు కదా.

కాశీబుగ్గలో మిత్రులు సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా ఆయన్ని దేవుణ్ణి చేశారు. నా వంతు వచ్చినప్పుడు నాలుగు సంస్కృత సమాసాలు చెప్పి, గొంతు పూడుకుపోయినట్టు నటించి కూర్చున్నాను. సభ అయ్యాక, "మాస్టారూ, మీరైతే బాగా రాస్తారు, ఆయన గురించి ఒక వ్యాసం రాసివ్వండి" అన్నారు. రాస్తున్నాను. సభలో మింగేసిన మాటలు కూడా ఇందులో ఉంటాయి.

మేమిద్దరం ఒకే ఊరివాళ్లం, హైస్కూల్లో ఒకే బెంచీ. వరసకేమీ కాకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లం. సైన్సులో నాకెప్పుడూ మొదటి మార్కు. జోగారావు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. తప్పిన వారానికే కాశీబుగ్గలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పనికి చేరాడు. నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, టెక్కలిలో జూనియర్ కాలేజీ లెక్చరర్నయ్యాను. అప్పటికే అతనికి సొంత షెడ్డుంది. లారీల డైనమోలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరని, జనం అతన్ని డైనమో జోగారావని పిలవడం మొదలుపెట్టారు. నా డిగ్రీ నా పేరు వెనక ఉంది. అతని పని అతని పేరు ముందుకే వచ్చి కూర్చుంది.

ఒక సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షల ముందు రోజు మా ప్రయోగశాలలో కొలిచే మీటర్లు నాలుగు పనిచేయలేదు. నేను సర్క్యూట్ పటం ముందేసుకుని మధ్యాహ్నం దాకా కుస్తీపట్టాను. చివరికి ప్రిన్సిపాల్ జోగారావుకి కబురు పెట్టాడు. అతను వచ్చి, మీటరు వెనక మూత విప్పి, ఒక విద్యార్థి దగ్గర పెన్సిలు చెరిపే రబ్బరు అడిగి తీసుకుని, లోపలి రాగి ముక్కలను నాలుగుసార్లు రుద్దాడు. ముల్లు కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "సిలుము పట్టీసింది బావా, ఇంకేటీ నేదు" అని నాతో అన్నాడు, నేను చిన్నబుచ్చుకోకూడదని మెల్లగా. "కరెంటుకి మొగమాటం నేదు. దారిత్తే వత్తాది, నేకపోతే ఆగిపోద్ది." మర్నాడు పరీక్షలో ఒక కుర్రాడు ఓమ్ సూత్రానికి జవాబుగా ఆ వాక్యమే రాశాడు. నేను సున్నా వేశాను. వేసిన తర్వాత కూడా కోపం చల్లారలేదు.

అతని భార్య దమయంతిది ఇచ్ఛాపురం. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కోపం వస్తే ఒడియాలోకి వెళ్లిపోయే మనిషి. ఎక్కడ జాతరైనా, ఎవరింట్లో పెళ్లయినా ఇద్దరూ పాత మోటారుసైకిలు మీద వెళ్లేవాళ్లు. మా ఇంటికి వచ్చినా నిలుచున్నంతసేపే ఉండి, పక్క ఊరికి పోవాలని బయల్దేరేవాళ్లు. అలాంటి దమయంతికి కిడ్నీలు చెడిపోయాయి. మా ఉద్దానం తీరప్రాంతంలో ఆ మాట కొత్త కాదు. ఏ వీధిలో అడిగినా ఒక పేరు చెబుతారు. అయినా మన ఇంటి పేరు చెప్పవలసి వచ్చిన రోజు అది కొత్తగానే ఉంటుంది.

వాళ్లు ఇంట్లోనే చేసుకునే డయాలసిస్‌ను ఎంచుకున్నారు. పొట్టలో అమర్చిన సన్నని గొట్టం ద్వారా రెండు లీటర్ల మందునీళ్ల సంచిని ఎక్కించుకోవాలి, కొన్ని గంటల తర్వాత దింపేయాలి, మళ్లీ కొత్త సంచి. రోజుకు నాలుగుసార్లు. ఆ సమయంలో గది తలుపులు, కిటికీలు మూసుండాలి. దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపాలి. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడగాలి. సంచిని ఒంటివేడికి వచ్చేదాకా వెచ్చబెట్టాలి. చల్లగా ఎక్కిస్తే కడుపులో పోట్లు. ఇవన్నీ జోగారావు ఒక్కడే నేర్చుకుని చేసేవాడు. రెండేళ్లు దమయంతి ఆ గది దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. ఒకసారి ఇచ్ఛాపురంలో అక్క ఇంటికి వెళ్లి, రెండు రోజులుందామనుకున్నది ఒక పూటకే తిరిగొచ్చేసింది.

"అక్కోలు మంచోలే అన్నియ్యా" అంది నాతో. "అయినా ఒకరింట్లో తలుపులేసుకుని గంట కూకుంటే, ఆ ఇంట్లో అందరూ నా కోసం సప్పుడు సేయకుండా తిరగతారు. ఆ సప్పుడు నేకపోవడం నాను భరించనేను."

ఆ మాట విన్న నెలరోజులకు జోగారావు ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. సీట్లన్నీ పీకేశాడు. ఒక మంచం, చేతులు కడుక్కునే తొట్టి, సంచి తగిలించే కొక్కెం, సంచిని వెచ్చబెట్టే ఎలక్ట్రిక్ పరుపు, ఒక దీపం, చిన్న ఫ్యాను, సంచులు పెట్టుకునే చెక్క అరలు అమర్చాడు. గోడలకు తెల్ల షీటు అంటించాడు. దమయంతి దానికి ఇల్లుబండి అని పేరుపెట్టింది. ఊళ్లో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. సరోజిని, అంటే నా భార్య, ఆ బండి లోపలికెక్కి చూసి, దిగి, దారి పొడుగునా ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చింది. ఆ మౌనం నాకు నచ్చలేదు.

దీపానికీ ఫ్యానుకీ పరుపుకీ కరెంటు కావాలి. బండి నడుస్తున్నంతసేపూ ఇంజిను బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తుంది. బండి ఆగితే? ఇంజిను ఆన్ చేసి ఉంచితే పొగ, చప్పుడు. ఎవరింటి నుంచో వైరు లాగితే మళ్లీ దమయంతికి అదే మొహమాటం. అందుకని ఒక రొయ్యల చెరువు దగ్గర వాడి తీసేసిన రెండు సోలార్ ప్లేట్లు సంపాదించి, బండి పైన బిగించాడు. ప్లేట్ల నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే చిన్న పెట్టెను కూడా తెచ్చాడు. అన్నీ అయ్యాక టెక్కలి వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"బావా, వైర్లు కలపడం నాకొచ్చు. ఎంతొత్తాది, ఎంత కరుసవుద్ది అన్న లెక్క నాకు రాదు. నువ్వు కట్టి సెప్పు" అన్నాడు.

నా జీవితంలో అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను తెల్లకాగితం తీసి నిదానంగా రాశాను. ఒక్కొక్క ప్లేటు నూటయాభై వాట్లు, రోజుకు ఐదు గంటల మంచి ఎండ, తరుగు పోగా బ్యాటరీకి చేరేది ఇంత. దీపం, ఫ్యాను, నాలుగు సంచులు వెచ్చబెట్టడం కలిపి అయ్యే ఖర్చు అందులో సగం. "సరిపోతుంది. మిగులుతుంది కూడా" అన్నాను. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఒక సంగతి మాత్రం చెప్పలేదు. ఆ రెండు ప్లేట్లనూ అతను ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపాడని అతని మాటల్లోనే తెలిసింది. అలా కలిపినప్పుడు, ఒక్క కొబ్బరాకు నీడ అడ్డంగా పడితే చాలు, నీడ పడినంత మేరకే కాదు, మొత్తం మీద ప్రవాహం కుప్పకూలుతుంది. ఇరవై ఏళ్లు బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలియకేం. పైగా ఎండాకాలంలో ఆ రేకు బండిని అతను చెట్టు నీడన కాక మరెక్కడ ఆపుతాడు? నోటిదాకా వచ్చింది. అప్పుడే సరోజిని కాఫీ తెచ్చి, "మీ చేతులు చల్లగుండాలి అన్నయ్యా, దమయంతి అదృష్టవంతురాలు" అంది. నేను కాఫీ తాగాను. ఆ ఒక్కటీ వాడే తెలుసుకోనీ అనుకున్నాను. కీడు తలపెట్టాననుకోలేదు. ఒకసారైనా ఆ చేతులు ఓడిపోతే చూడాలనిపించింది, అంతే.

వాళ్లు బయల్దేరారు. బారువ దగ్గర సముద్రం ఒడ్డున ఒక కొబ్బరితోటలో మకాం. మొదటి రోజు బాగానే ఉందట. దమయంతి చెట్లకింద చాప వేసుకుని కూర్చుని సముద్రాన్ని చూసిందట. రెండో రోజు పరుపు ఆలస్యంగా వేడెక్కిందట. మూడో రోజు సాయంత్రం సంచి పెట్టే వేళకు దీపం ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది. పరుపు చల్లబడిపోయింది. ఇంజినుతో బ్యాటరీకి కరెంటు ఎక్కించుకోవచ్చు కదా అంటే, ఇంజిను నుంచి బ్యాటరీకి వెళ్లే వైరును జోగారావు బయల్దేరే ముందే తీసి ఇంట్లో పెట్టేశాడు. ప్లేట్లతోనే మిగులుతుందని నేను చెప్పాను కదా, రెండు దారులెందుకని. తోటవాళ్ల ఇంట్లో కూడా ఆ పూట కరెంటు లేదు.

తర్వాత ఏం జరిగిందో దమయంతి చెప్పింది, వారం తర్వాత నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు. "సంచిని సుబ్బరమైన తువ్వాలులో సుట్టారు అన్నియ్యా. సొక్కా ఇప్పీసి, కడుపుకి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూకున్నారు. గంట దాటిపోయింది. కదల్లేదు. 'ఏటి, గుడ్లు పొదుగుతన్నారేటి' అన్నాను. 'కొంచెం ఆగు, ఇంకా నీ ఏడికి రానేదు' అన్నారు. ఆకరికి సెల్లుఫోను దీపం పట్టుకుని ఎక్కించారు."

ఆమె నవ్వుతూ చెప్పింది. నేను తల వంచుకుని విన్నాను. సిగ్గుపడ్డానని రాయడానికి చాలా ఇష్టంగా ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మళ్లీ అసూయే. ముప్పై ఆరేళ్ల సంసారంలో నేను ఎవరి కోసమూ, దేన్నీ, గంటసేపు కడుపుకి ఆనించుకుని కూర్చోలేదు. ఓడిపోవాలని నేను కోరుకున్న చోట కూడా వాడు నాకు అందనంత పైకి వెళ్లిపోయాడు.

అంతలో జోగారావు పెరట్లోంచి వచ్చాడు. జేబులోంచి నా కాగితం తీశాడు. "బావా, లెక్కెక్కడ తప్పింది?" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తప్పు దొరికితే సరిచేసుకుందామన్న ఆత్రం ఉంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను అన్నది ఇది. "లెక్క తప్పలేదు. చెట్టు కింద పెడితే లెక్కేం చేస్తుంది? నీడ సంగతి నువ్వు చూసుకోవాల్సింది."

అతను ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "నిజమే బావా. ప్లేటుకి ఎండ కావాలన్న సంగతి పసిపిల్లకి తెలుసు. నాకే బుర్ర నేదు" అన్నాడు.

నాలుగు రోజుల్లో మార్గం కనిపెట్టాడు. రెండు ప్లేట్లనూ విడదీసి, ఒకదాని మీద పడ్డ నీడ రెండోదాన్ని చెడగొట్టకుండా పక్కపక్కన కలిపాడు. అందులో ఒకటి పైనే ఉంచి, రెండోది ఊడదీసుకునేలా చేశాడు. దానికి మడతపెట్టే కాళ్లు పెట్టి, బొటనవేలంత లావు వైరు కలిపాడు. బండి నీడలో ఉంటుంది, ప్లేటును ఇసుకలోకి మోసుకెళ్లి ఎండకు ఎదురుగా వాల్చి నిలబెడతాడు. గంటకోసారి ఎండ తిరిగినవైపు తిప్పుతాడు. అంత లావు వైరెందుకని నేనే అడిగాను. "సన్నదయితే దారిలోనే సగం తినీసింది బావా. పెట్టి సూసుకున్నాను" అన్నాడు. పుస్తకంలో అది ఎన్నో అధ్యాయమో నాకు తెలుసు. ఆ అధ్యాయం పేరు కూడా అతనికి తెలియదు. ఇంజిను వైరును కూడా తిరిగి బిగించాడు.

ఆ తర్వాత ఉద్దానంలో ఇల్లుబండిని చూడని ఊరు తక్కువ. దమయంతి అక్క ఇంటి ముందు బండి పెట్టుకుని వారం రోజులుంది. రావివలసలో ఎండల మల్లన్న దర్శనానికి వెళ్లి, గుడికి దూరంగా బండిలోనే మధ్యాహ్నపు సంచి పెట్టుకుని, మళ్లీ వెళ్లి దణ్ణం పెట్టుకుంది. అదే జబ్బున్న వేరే ఊళ్లవాళ్లు వచ్చి చూసేవాళ్లు. జోగారావు ఒకరి ఆటోకి, ఒకరి ఇంటి చూరుకి ప్లేట్లు బిగించి ఇచ్చాడు. అడిగినవాళ్లకల్లా ఒకటే చెప్పేవాడు: "నీడ సంగతి కనిపెట్టింది మా బావ. ఎమ్మెస్సీ. నాను వైర్లు కలిపినోణ్ణే." కాశీబుగ్గ బజారులో ముక్కూమొహం తెలియనివాళ్లు నాకు దణ్ణం పెట్టి, "మీ లెక్కంట కదండీ" అనేవాళ్లు. ఆ దణ్ణం తీసుకుని ఇంటికొచ్చిన ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు. నాది కాని గొప్పను దాచుకోవడానికి నేను ఇంత అవస్థ పడుతుంటే, తనదైన గొప్పను వాడు అంత అవలీలగా ఎలా పంచిపెట్టగలిగాడు?

ఒకసారి నన్నూ సరోజినినీ వెంటబెట్టుకుని భావనపాడు తీరానికి తీసుకెళ్లారు. ప్లేటును ఎక్కడ నిలబెట్టాలన్నదాని మీద మొగుడూ పెళ్లాలిద్దరికీ వాదన. "అక్కడ కాదు, పడవ నీడ పడుద్ది" అంటుంది ఆమె. "పడవ ఎల్లిపోద్ది కదే" అంటాడు ఇతను. "ఎప్పుడెల్తాదో పడవోణ్ణి అడిగొచ్చి సెప్పండి" అంటుంది. నిజంగానే వెళ్లి అడిగొచ్చాడు. ఆమె ఒడియాలో ఏదో అంది, ఇతను నవ్వాడు. ఇద్దరూ కలిసి ప్లేటును ఇంకో చోటికి మోశారు.

వాళ్లు ఆ రాత్రికి అక్కడే ఉండిపోయారు. మేం తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సరోజిని, "మీకు జోగారావన్నయ్యంటే కడుపుమంట కదండీ" అంది. నేను కిటికీలోంచి చూస్తూ, "అవును" అన్నాను. పెళ్లయ్యాక ఆమెతో నేనన్న నిజాల్లో అదొకటి. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆయన చేతుల పనితనం చూసి అనుకున్నాను ఇన్నాళ్లూ. అది కాదు కదా" అంది. "మనం ఎప్పుడైనా దేని గురించైనా అలా పోట్లాడుకున్నామా" అని తనలో తను అనుకున్నట్టుగా అంది.

చనిపోవడానికి రెండు వారాల ముందు జోగారావు మా ఇంటికి వచ్చాడు. పాత బ్యాటరీ అలిసిపోయిందని, లిథియం బ్యాటరీ పెడదామనుకుంటున్నానని, దాని మంచీ చెడ్డా రాసిమ్మని అడిగాడు. నేను రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఏ ఒక్కటీ దాచలేదు. ఎంత వోల్టేజి దగ్గర ఆపాలి, పాత పెట్టె దానికి సరిపోతుందా, వేడి ఎక్కితే ఏమవుతుంది, నీడ పడితే ఎంత తగ్గుతుంది, అన్నీ. అతను కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ నా ముందే చదివాడు. చివరి పేజీ దగ్గర ఆగి, "ఈసారి నీడ సంగతి కూడా రాసినావు బావా" అన్నాడు.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సరోజిని ఇచ్చిన జీడిపప్పు ఉప్మా తిన్నాడు, బాగుందన్నాడు, వెళ్లాడు. ఆ 'ఈసారి' అన్న మాటను ఎన్ని విధాల తిప్పి చూసినా నాకు అంతు చిక్కలేదు. మళ్లీ కలిసినప్పుడు అడగాలనుకున్నాను. మళ్లీ కలిసింది నీలం కుర్చీలో.

పన్నెండో రోజు అయ్యాక దమయంతి కబురు చేసింది. సంచులు ఇప్పుడు తనే పెట్టుకుంటోంది. ఆయన మొదట్లోనే నేర్పాడట, ఎప్పుడైనా అవసరమవుతుందని. "అన్నియ్యా, అక్క రమ్మంతంది. బండి తియ్యాలి. మీకు డ్రైవింగొచ్చు కదా" అంది. సరోజిని నాకంటే ముందు బట్టల సంచీ సర్దుకుంది.

బయల్దేరే ఉదయం నేను నిచ్చెనెక్కి ప్లేట్లు తుడిచాను. దిగాక, దమయంతి గుమ్మంలో నిలబడి చూస్తుండగా, చెప్పేశాను. బారువ సంగతి నాకు ముందే తెలుసని, తెలిసీ చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా. తలెత్తకుండా చెప్పాను.

"ఆ పూట సంచి పూర్తిగా ఎచ్చబడనేదు అన్నియ్యా" అంది దమయంతి. "రెండు రోజులు కడుపులో పోట్లు. మెలికలు తిరిగిపోయినాను. మీకు సెప్పొద్దన్నారు ఆయన. మాస్టారు లెక్క కట్టిచ్చాడు, తెలిత్తే కుంగిపోతాడు అన్నారు."

"జోగారావుకి తెలుసా, నేను కావాలనే..."

"నాకు సెప్పనేదు. తెలిసినా సెప్పే మనిషి కాదు." కొంగుతో గుమ్మం మీది దుమ్ము తుడిచింది. "నాకు మాత్రం కోపమొత్తంది. ఇప్పుడే తెలిసింది కదా, ఇప్పుడే వత్తాది. మీతో మాటాడాలని నేదు. కానీ బండి నడపడానికి మీరు కావాలి. ఎల్దాం పదండి, ఎండెక్కకముందే."

పలాస దాటి హైవే ఎక్కాం. సరోజిని వెనక ఆమె పక్కనే కూర్చుంది. కంచిలి దగ్గర టీకి ఆగినప్పుడు దమయంతి నాకు కూడా ఒక గ్లాసు చెప్పింది. నా చేతికి ఇవ్వలేదు, ఇంజిను మూత మీద పెట్టింది. నేను తీసుకుని తాగాను. క్షమించిందని నేను అనుకోవడం లేదు. అడగను కూడా.

టీకొట్టు దగ్గర ఒకాయన బండిని గుర్తుపట్టి వచ్చాడు. బక్కపలచటి మనిషి. అతని భార్యకూ ఇదే జబ్బట, ఈమధ్యనే ఇంట్లో సంచులు మొదలుపెట్టారట. "జోగారావుగారి బండి కదండీ. ఆయనేరీ? మా ఆటోకి ప్లేటు బిగిత్తానన్నారు. ఎప్పుడొత్తారు?" అన్నాడు.

నేను విషయం చెప్పాను. అతను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఊరికే పంపడం ఇష్టంలేక, "మీకు కావలసిన లెక్కంతా నేను కట్టిస్తాను. ఎన్ని వాట్లు, ఎంత బ్యాటరీ, అన్నీ వివరంగా రాసిస్తాను" అన్నాను. జేబులోంచి కలం కూడా తీశాను.

"లెక్కేటి సేసుకుంతానండి బాబూ" అన్నాడు ఆయన, విసుగు లేకుండా, జాలిగా. "ఒచ్చి బిగించేవోలు ఎవరైనా ఉన్నారేటి?"

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా నాకు తెలిసిన మనుషులందరినీ ఆ టీకొట్టు ముందు నిలబడి ఒక్కొక్కరినే తలుచుకున్నాను. షాపులున్నవాళ్లున్నారు, పనివాళ్లున్నారు. ఒకరి భార్య కడుపునొప్పి తన కడుపునొప్పిగా ఎంచి, వైరు లావెంతుండాలో తనే తేల్చుకుని, వచ్చిన పేరును ఇంకొకరికి ఇచ్చేసేవాడు ఒక్కడూ తట్టలేదు. నా పేరు కూడా చెప్పలేకపోయాను. ఎవరూ లేరన్నాను. ఆయన తలగుడ్డ చుట్టుకుని, బండికి ఒకసారి దణ్ణం పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆ దణ్ణం నాకు కాదు. నేనూ చేతులు జోడించాను.